గడువు చెప్పిన సైన్యాలు

1963 అక్టోబర్ 2న వైట్‌హౌస్ ఒక ప్రకటన విడుదల చేసింది. రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా, జనరల్ మాక్స్‌వెల్ టేలర్ అప్పుడే సైగాన్ వెళ్లి వచ్చారు. దక్షిణ వియత్నాంలో అమెరికా సైనికంగా చేయాల్సిన పనిలో ముఖ్యభాగం 1965 చివరికి పూర్తవుతుందనీ, ఆ ఏడాది ముగిసేలోపే వెయ్యి మందిని వెనక్కి రప్పించవచ్చనీ ఆ ఇద్దరి అంచనాగా అందులో చెప్పారు. అప్పటికి అక్కడున్న అమెరికన్లు 16 వేల పైచిలుకు. సరిగ్గా నెల తిరిగేసరికి సైగాన్‌లో సైనిక కుట్ర జరిగి అధ్యక్షుడు ఎన్గో దిన్ దియెమ్ హతుడయ్యాడు. మరో మూడు వారాలకు అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హతుడయ్యాడు. వెయ్యి మంది లెక్క మాత్రం చూపించారు. గడువు తీరి ఎలాగూ ఇంటికి వెళ్లాల్సినవాళ్లను ఆ పద్దు కింద రాసుకున్నారు. అది చాలావరకు కాగితం మీది సర్దుబాటేనని తర్వాత బయటపడ్డ పెంటగాన్ పత్రాలే చెప్పాయి. పని పూర్తవుతుందన్న 1965 చివరికి వియత్నాంలో అమెరికా సైనికులు 1 లక్షా 84 వేలు. 1969 ఏప్రిల్‌కి 5 లక్షల 43 వేలు.

ఈ స్మారకోపన్యాసానికి ఎంచుకున్న ప్రశ్న ఆ ప్రకటనలోనే ఉంది. పరాయి గడ్డ మీద యుద్ధం చేస్తున్న ప్రభుత్వం ‘ఫలానా తేదీకి మా సైన్యం వచ్చేస్తుంది’ అంటే ఆ మాటను ఎంతవరకు నమ్మొచ్చు? పోయినవారిని తలుచుకునే వేదిక మీద ఈ అంశం ఎందుకంటే, వచ్చేస్తామని చెప్పిన రోజుకీ నిజంగా వచ్చేసిన రోజుకీ మధ్య చనిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. యుద్ధం నుంచి బయటపడాలని నిర్ణయమైపోయాక పోయిన ప్రాణాలవి. రిచర్డ్ నిక్సన్ అధ్యక్షుడయ్యాక వియత్నాంలో మరణించిన అమెరికన్లే 20 వేలు దాటారు. వియత్నామీయుల లెక్క దానికి ఎన్నో రెట్లు.

జనం దగ్గర ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. నాయకుల మాటలన్నీ ఎన్నికల దాకానే అనేది ఒకటి. తలుచుకుంటే రేపే రప్పించొచ్చు, మనసు లేక గానీ అనేది రెండోది. జరిగిన చరిత్ర ఈ రెండింటికీ సాక్ష్యం చెప్పదు. సోవియట్ సైన్యం అఫ్ఘానిస్థాన్ నుంచి అన్న రోజుకే వెళ్లిపోయింది. అమెరికా సైన్యం ఇరాక్ నుంచి గడువుకు దాదాపు రెండు వారాల ముందే వెళ్లింది. వెళ్లాలని నిజంగా కోరుకుని కూడా ఏళ్ల తరబడి కదల్లేకపోయిన ప్రభుత్వాలూ ఉన్నాయి. ఈ తేడా ఎక్కడ వస్తోందని వెతికితే, వాగ్దానం చేసిన మనిషి నిజాయితీ దగ్గర జవాబు దొరకదు. తాము వెళ్లాక అక్కడ జరగబోయేది, ఓటమే అయినా, భరించడానికి ఆ ప్రభుత్వం ముందుగా సిద్ధపడిందా లేదా అన్నచోట దొరుకుతుంది. సిద్ధపడినవాళ్లు తేదీ నిలబెట్టుకున్నారు. ‘వెళతాం, కానీ మేం వెళ్లేసరికి అక్కడంతా చక్కబడి ఉండాలి’ అన్నవాళ్లు గడువు మీద గడువు పెట్టుకుంటూ పోయారు. చక్కబడటం వాళ్ల చేతిలో లేదు కాబట్టి.

మన దేశమే ఒకసారి ఈ పరీక్షకు నిలబడింది. దాని గురించి మనం మాట్లాడుకోవడం తక్కువ.

1987 జులై 29న కొలంబోలో ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జె.ఆర్. జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. 48 గంటల్లో కాల్పుల విరమణ, ఆపైన 72 గంటల్లో తమిళ మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించడం అని రాసుకున్నారు. ఆ వెంటనే భారత శాంతి పరిరక్షణ దళం జాఫ్నా ద్వీపకల్పంలో దిగింది. ముందుగా వెళ్లింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉండే 54వ పదాతి డివిజన్. విశాఖలోని తూర్పు నౌకాదళానికీ ఇందులో పెద్ద పనే పడింది. గంటల్లో లెక్కవేసిన వ్యవహారం కనుక వెళ్లినవాళ్లు యుద్ధానికని వెళ్లలేదు. ఆయుధాలు తీసుకుని, కొన్నాళ్లు కాపలా కాసి వచ్చేద్దామని వెళ్లారు.

ఆగస్టు 5న పలాలిలో, ఆ మిలిటెంట్లలో బలమైన ఎల్‌టీటీఈ ఆయుధాలు అప్పగించే తంతు జరిగింది. ఇచ్చినవి కొన్నే. అక్టోబర్ కల్లా, రక్షించడానికి వెళ్లిన సైన్యానికీ ఎల్‌టీటీఈకీ మధ్యే యుద్ధం మొదలైంది. అక్టోబర్ 11 రాత్రి, ఎల్‌టీటీఈ నాయకత్వాన్ని ఒక్క దెబ్బతో పట్టుకోవాలని, జాఫ్నా విశ్వవిద్యాలయం ఆవరణలో హెలికాప్టర్ల నుంచి కమాండోలను, 13వ సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లను దింపారు. కింద ఎల్‌టీటీఈ కాచుకుని ఉంది. సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీవాళ్లు 30 మంది దిగేసరికి కాల్పుల ధాటికి హెలికాప్టర్లు మళ్లీ రాలేకపోయాయి. వెనక రావాల్సినవాళ్లు రాలేదు, తూటాలు రాలేదు. ఆ 30 మందిలో 29 మంది అక్కడే చనిపోయారు. ఒక్కరు బందీగా చిక్కి బతికారు. పది రోజుల తర్వాత జాఫ్నా ఆస్పత్రిలో భారత సైనికుల కాల్పులకు రోగులు, వైద్యులు, నర్సులు పదుల సంఖ్యలో బలయ్యారు. రెండూ ఒకే ఊళ్లో, ఒకే నెలలో జరిగాయి. రెండింటిలో ఏ ఒక్కటి దాచినా శాంతి సేన కథ సగమే చెప్పినట్టు.

ఐదు రోజుల పనికని వెళ్లిన దళం 70 వేలకు పైగా పెరిగింది. ఇంటికి ఎప్పుడు వస్తారన్న ప్రశ్నకు ఢిల్లీ దగ్గర ఒకటే జవాబు ఉండేది. తమిళులకు ఒప్పందంలో రాసిన అధికారాలు దక్కాలి, ఎల్‌టీటీఈ ఆయుధాలు దించాలి, అప్పుడు వస్తారు. వినడానికి ఎంతో సబబుగా ఉన్న మాట. కానీ మొదటి షరతు కొలంబో చేతిలో ఉంది, రెండోది ఎల్‌టీటీఈ నాయకుడు ప్రభాకరన్ చేతిలో ఉంది. ఢిల్లీ చేతిలో ఉన్నది సైన్యం ఒక్కటే.

దక్షిణాన సింహళ ప్రాంతాల్లో వామపక్ష జేవీపీ సాయుధ తిరుగుబాటుకు భారత సైన్యమే ప్రధాన నినాదమైంది. భారత సైన్యాన్ని పంపించేస్తానని ఓట్లడిగిన రణసింఘె ప్రేమదాస గెలిచి 1989 జనవరిలో అధ్యక్షుడయ్యాడు. జూన్ 1న బహిరంగంగా గడువు పెట్టాడు. జులై 29లోగా, అంటే ఒప్పందానికి రెండేళ్లు నిండేలోగా, ఆఖరి జవాను దాకా వెళ్లిపోవాలి. రాజీవ్ ఒప్పుకోలేదు. ఒప్పందం అమలూ సైన్యం తిరిగిరావడమూ పక్కపక్కన నడవాలన్నది భారత్ వాదన. అప్పుడు మన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. పిలిచిన దేశమే పొమ్మంటోంది, పోతే నమ్ముకున్నవాళ్లు ఏమవుతారో తెలుసు, ఉంటే ఆక్రమణ సైన్యం అన్న పేరు వస్తుంది. ఆ వేసవి అంతా ఉత్తరాలు, దూతలు, ప్రకటనలు నడిచాయి. జులై 29న కొన్ని వందల మందిని ఓడ ఎక్కించి, గడువును పూర్తిగా కాదనకుండా, పూర్తిగా ఔననకుండా గట్టెక్కారు. సెప్టెంబర్ 18న రెండు ప్రభుత్వాలకూ ఒడంబడిక కుదిరింది. 20వ తేదీ నుంచి దాడులు ఆపాలి, డిసెంబర్ 31కల్లా ఉపసంహరణ పూర్తిచేయడానికి శాయశక్తులా ప్రయత్నించాలి.

ఆ ఒడంబడిక కుదిరిన మూడో రోజున, సెప్టెంబర్ 21న, జాఫ్నా విశ్వవిద్యాలయంలో అనాటమీ చెప్పే డాక్టర్ రజని తిరణగమ సైకిల్ మీద ఇంటికి వెళుతుంటే కాల్చి చంపారు. ఎల్‌టీటీఈ చేసిన దౌర్జన్యాలనూ భారత సైన్యం చేసిన దౌర్జన్యాలనూ ఒకే నిక్కచ్చితనంతో నమోదు చేసిన మనిషి ఆమె. చంపింది ఎల్‌టీటీఈయేనని ఆమె సహచరులు నమ్మారు. సైన్యం వెళ్లిపోతోందని తేలిపోయిన క్షణం నుంచి ఆ ఊళ్లో ఎవరు ఎవరికి జవాబు చెప్పుకోవాలన్న లెక్క మారిపోతుంది. ఇది శ్రీలంకలోనే కాదు, ప్రతిచోటా జరిగింది. వెళ్లే తేదీ ప్రకటించడం ఇంటివైపు చూసుకునే ప్రభుత్వానికి ఓ వార్త. అక్కడున్న మనుషులకు మాత్రం అది ఆ రోజు నుంచే అమల్లోకి వచ్చే కొత్త పాలన.

తాము వెళ్లాక తమిళులకు రక్షణగా ఉంటుందని భారత్ అప్పటికే ఒక ఏర్పాటు చేసింది. ఈశాన్య ప్రాంతీయ మండలి ఎన్నికల తర్వాత ముఖ్యమంత్రి అయిన వరదరాజ పెరుమాళ్ పార్టీ ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ ఆధ్వర్యంలో తమిళ నేషనల్ ఆర్మీ పేరుతో ఒక దళాన్ని నిలబెట్టింది. తుపాకులిచ్చింది, శిక్షణ ఇచ్చింది. చేరడానికి మనుషులు దొరక్క కుర్రాళ్లను బస్సుల్లోంచి, వీధుల్లోంచి పట్టుకెళ్లారు. బడి వయసు పిల్లలూ అందులో ఉన్నారు. భారత సైన్యం ఒక్కో జిల్లా ఖాళీ చేస్తుంటే ఎల్‌టీటీఈ వెనకే వచ్చి ఆ దళాన్ని తుడిచిపెట్టింది. ఎల్‌టీటీఈకి ఆ రోజుల్లో ఆయుధాలు అందించింది ప్రేమదాస ప్రభుత్వమే. ఉమ్మడి శత్రువు వెళ్లిపోవాలన్న ఒక్క కోరిక మీద ఆ రెండూ కలిశాయి.

ఢిల్లీలో డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. వి.పి. సింగ్ వచ్చాక, పక్కపక్కన నడవాలన్న వాదన పక్కకుపోయింది. వెళ్లిపోవడమే విధానమైంది. 1990 మార్చి 24న ఆఖరి దళం ట్రింకోమలీలో ఓడ ఎక్కింది. ఒప్పుకున్న తేదీకి మూడు నెలలు ఆలస్యం. యుద్ధాల లెక్కలో అది ఆలస్యమే కాదు. మద్రాసు రేవులో జరిగిన స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. 1,100 మందికి పైగా సహచరులను పోగొట్టుకుని వచ్చిన సైన్యానికి సొంత దేశంలో దొరికిన పలకరింపు అది.

ఇక వదిలివచ్చిన చోట ఏం జరిగిందో చూడాలి. పెరుమాళ్‌ను మార్చిలోనే భారత్‌కు తీసుకురావాల్సి వచ్చింది. జూన్‌లో ఎల్‌టీటీఈకీ కొలంబోకీ మళ్లీ యుద్ధం మొదలై, తూర్పున లొంగిపోయిన పోలీసులను వందల సంఖ్యలో చంపేశారు. అదే నెలలో ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు పద్మనాభను, ఆయన సహచరులను మద్రాసు కోడంబాక్కంలో చంపారు. మరుసటి మే నెలలో శ్రీపెరుంబుదూర్‌లో రాజీవ్ గాంధీ హత్య. 1993 మే 1న ప్రేమదాస కూడా ఎల్‌టీటీఈ ఆత్మాహుతి బాంబుకే బలయ్యాడు. గడువు దాదాపు నిలిచింది. గడువుతో పాటు నిలబడాల్సినవి ఒక్కటీ నిలవలేదు.

అయితే ఆ సైన్యం ఇంకో ఏడాది ఉండాల్సిందా? అప్పట్లో చాలామంది అన్నారు, ఇప్పటికీ అంటారు. కానీ ఆ ఏడాదిలో కొత్తగా చేతికొచ్చేది ఏమిటో చెప్పగలిగినవాళ్లు ఎవరూ కనబడరు. తప్పు వెళ్లిపోవడంలో లేదు. వెళ్లిపోతామని తెలిసీ, తమ అండ చూసుకుని నిలబడమని కుర్రాళ్ల చేతికి తుపాకులివ్వడంలో ఉంది. ఆ ముందురోజు రాత్రి దాకా, పక్కనే ఉంటామని చెప్పడంలో ఉంది.

మెల్లగా, విడతలవారీగా వెళ్లడం మంచి ఉపాయంలా కనిపిస్తుంది. నిక్సన్ పట్టుకున్నది దాన్నే. 1969 జూన్ 8న మిడ్‌వే దీవిలో దక్షిణ వియత్నాం అధ్యక్షుడు ఎన్గుయెన్ వాన్ థియూను పక్కన నిలబెట్టుకుని మొదటి విడతగా 25 వేల మందిని వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించాడు. అమెరికన్లు ఖాళీ చేసే చోటును వియత్నామీయులే నింపుతారు, ఆ లోపల హనోయ్‌తో బేరం నడుస్తుంది. మూడు నెలలకే జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ ఆయనకు రహస్యంగా రాసిన పత్రంలో ఇందులోని లోపాన్ని పట్టుకున్నాడు. సైనికుల ఉపసంహరణ అమెరికా జనానికి ఉప్పు వేరుశనగల్లా తయారవుతుంది, తిన్నకొద్దీ ఇంకా కావాలంటారు అన్నాడు. 1970లో పారిస్ రహస్య చర్చల్లో హనోయ్ ప్రతినిధి లె దుక్ థో ఇదే సంగతిని అవతలి ఒడ్డు నుంచి అడిగాడు. ఐదు లక్షల మంది మీవాళ్లుండగా గెలవలేనిది, మీవాళ్లు లేకుండా సైగాన్ సైన్యం ఎలా గెలుస్తుంది? కిసింజర్ దగ్గర దానికి జవాబు లేదు.

బేరానికి పెట్టుబడి సైన్యమే అయినప్పుడు, ప్రతి విడత ఉపసంహరణతో ఆ పెట్టుబడి తరిగిపోతుంది. అవతలివాడు ఓపిక పడితే చాలు. 1973 జనవరి 27న పారిస్‌లో సంతకాలయ్యాయి. 60 రోజుల్లో వెళ్లాలన్న షరతును అమెరికా దాదాపు రోజు తప్పకుండా పాటించింది. మార్చి 29న ఆఖరి పోరాట దళం వెళ్లింది. ఉత్తర వియత్నాం సైనికులు మాత్రం దక్షిణాన ఉన్నచోటే ఉండిపోవడానికి ఆ ఒప్పందం వీలిచ్చింది. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది. తేదీ నిలిచిన ఒప్పందాలను చదివేటప్పుడు, ఆ తేదీ నిలవడానికి ఏ వాక్యం రాయకుండా వదిలేశారో వెతకాలి. పారిస్ ఒప్పందంలో ఆ ఖాళీ చోటు ఇదే.

బరాక్ ఒబామా అఫ్ఘాన్ గడువుల కథలో దీనికి తలకిందులైన తర్కం కనిపిస్తుంది. 2009 డిసెంబర్ 1న వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీలో ఒకే ప్రసంగంలో మరో 30 వేల మందిని పంపుతున్నాననీ, 2011 జులై నుంచి వెనక్కి రప్పించడం మొదలుపెడతాననీ చెప్పాడు. ఆ మొదలుపెట్టడం చెప్పినట్టే జరిగింది. ముగించడం దగ్గరే అన్నీ అడ్డుపడ్డాయి. 2014 మే 27న లెక్క ఇలా చెప్పాడు: 2015 మొదట్లో 9,800 మంది, ఆ ఏడాది చివరికి అందులో సగం, 2016 చివరికి రాయబార కార్యాలయం కాపలాకు సరిపడా కొద్దిమంది. 2015 మార్చిలో అఫ్ఘాన్ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ వాషింగ్టన్ వచ్చినప్పుడు, సగానికి తగ్గించడం ఆ ఏడాది ఉండదని తేల్చాడు. సెప్టెంబర్ 28న కుందుజ్ పట్టణం తాలిబన్ల చేతికి చిక్కింది. అక్టోబర్ 15న, తన పదవీకాలం ముగిసేసరికి 5,500 మంది ఉంటారని చెప్పాడు. 2016 జులై 6న ఆ సంఖ్యను 8,400 చేశాడు. ఒబామా అబద్ధమాడాడని దీన్ని చదవడం సులువు. ఆయన నిజంగానే రావాలనుకున్నాడు. కాబూల్ పడిపోయినా సరే అని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఆ రెండో వాక్యం చెప్పకుండా మొదటి వాక్యం నిలబడదు.

సంఖ్యల వెనక ఉన్న యంత్రాంగం కూడా కొంత తెలియాలి. పదివేల మంది సైన్యాన్ని సగం చేస్తే సగం పని జరగదు. గాయపడ్డ సైనికుడు గంటలోపు శస్త్రచికిత్సకు చేరాలని 2009లో అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ నియమం పెట్టాడు. దానికి హెలికాప్టర్లు, వాటిని దించే స్థావరాలు, ఆస్పత్రి గుడారాలు, స్థావరాల చుట్టూ కాపలా కావాలి. మనుషులు తగ్గితే ఈ గంట లెక్క ఏ జిల్లాకు అందదో ఆ జిల్లా వదిలేయాల్సిందే. కాబట్టి 9,800, 5,500 అన్న అంకెలు నిజానికి పటం మీది గీతలు. ఏ ఊళ్లకు ఇక ఎవరూ రారో ఆ అంకెలోనే రాసి ఉంటుంది. ఆ ఊళ్లవాళ్లకు అది వాషింగ్టన్ చెప్పకముందే తెలుస్తుంది.

సోవియట్ ఉపసంహరణను ఇక్కడే దీని పక్కన పెట్టి చూడాలి. 1979 డిసెంబర్‌లో వెళ్లిన సైన్యం అది, లక్ష మంది దాకా. 1986 నవంబర్‌లో గోర్బచేవ్ పాలిట్‌బ్యూరో రెండేళ్లలో బయటపడాలని నిర్ణయించుకుంది. 1988 ఏప్రిల్ 14న జెనీవా ఒప్పందం కుదిరింది. మే 15న మొదలుపెట్టి, మూడు నెలల్లో సగం మందిని, తొమ్మిది నెలల్లో మొత్తాన్ని తీసుకెళ్లాలి. 1989 ఫిబ్రవరి 15న, ఒప్పందం చెప్పిన రోజుకే, దళాధిపతి బోరిస్ గ్రోమోవ్ అముదర్యా వంతెన దాటి తెర్మెజ్ వైపు నడిచాడు. సుమారు 15 వేల మంది సోవియట్ సైనికుల ప్రాణాలు, లెక్కకందని అఫ్ఘాన్ ప్రాణాలు వెనక మిగిలాయి.

కాబూల్‌లో సోవియట్ అండతో నడిచిన నజీబుల్లా ప్రభుత్వం నెలల్లో కూలుతుందని అప్పుడు అందరూ లెక్కవేశారు. మార్చిలో ముజాహిదీన్లు జలాలాబాద్‌ను ముట్టడించి ఓడిపోయారు. నజీబుల్లా మూడేళ్లు నిలిచాడు. సైన్యం వెళ్లినా గోధుమ, ఇంధనం, ఆయుధాలు వస్తూనే ఉండటం దీనికి కారణం. 1991 సెప్టెంబర్‌లో మాస్కో, వాషింగ్టన్ రెండూ తమతమ పక్షాలకు ఆయుధాలు ఆపేయాలని ఒప్పుకున్నాయి. 1992 జనవరి 1తో అది అమల్లోకి వచ్చింది, ఏప్రిల్‌లో నజీబుల్లా పడిపోయాడు. సైనికులు వెళ్లిన తేదీని చరిత్ర పుస్తకాలు గుర్తుపెట్టుకున్నాయి. ప్రభుత్వాన్ని కూల్చింది సామాను ఆగిన తేదీ.

ముప్పై ఏళ్ల తర్వాత అదే దేశంలో అమెరికా ఈ రెండు తేదీలనూ ఒకటి చేసేసింది. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా ప్రతినిధి జల్మయ్ ఖలీల్‌జాద్, తాలిబన్ నేత ముల్లా అబ్దుల్ ఘనీ బరాదర్ సంతకాలు చేసిన ఒప్పందం ప్రకారం 14 నెలల్లో, అంటే 2021 మే 1కల్లా, విదేశీ సైనికులతో పాటు కాంట్రాక్టర్లు, శిక్షకులు, సలహాదారులు అందరూ వెళ్లాలి. ఏ ప్రభుత్వం కోసం దాదాపు ఇరవై ఏళ్లు పోరాడారో ఆ ప్రభుత్వం సంతకాల దగ్గర లేదు. తన చెరసాలల్లోని 5,000 మంది తాలిబన్లను మాత్రం అది విడుదల చేయాలి. కాల్పుల విరమణ అనేది తర్వాత మాట్లాడుకోవాల్సిన విషయాల్లో ఒకటిగా మిగిలింది.

ఆ ‘కాంట్రాక్టర్లు’ అన్న మాట దగ్గర ఆగాలి. అఫ్ఘాన్ వాయుసేన మెకానిక్‌లకు ఏళ్ల తరబడి అలవాటైనవి రష్యా తయారీ ఎంఐ-17 హెలికాప్టర్లు. వాటి స్థానంలో 2017 నుంచి అమెరికా తన బ్లాక్‌హాక్‌లను తెచ్చిపెట్టింది. వాటి మరమ్మతులు అఫ్ఘాన్ చేతులకు రావడానికి ఇంకా ఏళ్లు పట్టేది, అందాకా విదేశీ కంపెనీల సిబ్బందే దిక్కు. ఆ సిబ్బంది వెళ్లిపోతే ఈ విమానాలు కొద్ది నెలలకు మించి యుద్ధానికి పనికిరావని అమెరికా ప్రభుత్వమే నియమించిన అఫ్ఘాన్ పునర్నిర్మాణ తనిఖీ సంస్థ ముందే హెచ్చరించింది. కొండల మధ్య చిక్కుకున్న ఔట్‌పోస్టులకు తిండి, తూటాలు, గాయపడ్డవాళ్లకు దారి, అన్నీ ఆ హెలికాప్టర్లే. అవి ఆగిపోతే లోపలున్న సైనికుడికి పోరాడాలన్న పట్టుదల ఎంతున్నా ఏం లాభం? అఫ్ఘాన్ సైన్యం పోరాడలేదని తర్వాత చాలామంది తేలిగ్గా అనేశారు. ఈ మెకానిక్‌ల సంగతి తెలిసి కూడా ఆ మాట అనడం అన్యాయం. కాగితం మీద ఉండి జీతం తీసుకున్న బూటకపు సైనికులూ నిజమే, పై అధికారుల దోపిడీ నిజమే. పదుల వేల మంది అఫ్ఘాన్ సైనికులు, పోలీసులు ఆ యుద్ధంలో చనిపోయిన మాట అంతకంటే పెద్ద నిజం.

జో బైడెన్ 2021 ఏప్రిల్ 14న సెప్టెంబర్ 11 గడువు చెప్పాడు, జులై 8న దాన్ని ఆగస్టు 31కి జరిపాడు. బాగ్రామ్ స్థావరాన్ని జులై మొదట్లో రాత్రికి రాత్రే ఖాళీ చేశారు. ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. 26న విమానాశ్రయం గేటు దగ్గర బాంబు పేలి 13 మంది అమెరికా సైనికులు, సుమారు 170 మంది అఫ్ఘాన్లు చనిపోయారు. 30 అర్ధరాత్రికి నిమిషం ముందు ఆఖరి విమానం లేచింది. చెప్పిన తేదీకి ఒక రోజు ముందే. రెండు వారాల్లో 1 లక్షా 20 వేలకు పైగా మనుషులను తరలించడం సామాన్యమైన పని కాదు. అయినా దుబాసీలుగా, డ్రైవర్లుగా పనిచేసి ప్రత్యేక వీసాలకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు వేల సంఖ్యలో గేటు బయటే ఉండిపోయారు. ఆ వీసా చట్టం అప్పటికి పన్నెండేళ్లుగా ఉంది. ఉపసంహరణ తేదీ దానికంటే ముందు నిర్ణయమై ఉంటే ఆలస్యానికి ఒక సాకైనా దొరికేది. హైదరాబాద్‌లో చదువుకుంటున్న అఫ్ఘాన్ విద్యార్థులు ఆ వారమంతా ఫోన్లు పట్టుకుని ఇంటివాళ్ల జాడ వెతుక్కున్నారు.

ఇవన్నీ విన్నాక, అయితే వెళ్లకుండా ఉండటమే క్షేమమా అని అడగొచ్చు. జిమ్మీ కార్టర్ దక్షిణ కొరియా నుంచి పదాతి దళాలను రప్పిస్తానని 1976 ఎన్నికల్లో మాటిచ్చాడు. అక్కడి సైనికాధికారి జాన్ సింగ్లాబ్ బహిరంగంగా వ్యతిరేకించి పదవి పోగొట్టుకున్నాడు. సైన్యం, కాంగ్రెస్, సియోల్ అందరూ అడ్డుపడ్డారు. 1979 జులైలో కార్టర్ ఆ పని ఆపేశాడు. ఇప్పటికీ అక్కడ సుమారు 28,500 మంది ఉన్నారు, కొరియా నిలబడింది. ఇది చూపించి ప్రతి యుద్ధంలోనూ ‘ఇంకొన్నేళ్లు’ అనేవాళ్లు ఉంటారు. కానీ అక్కడ 1953లోనే కాల్పులు ఆగాయి. ఆతిథ్యమిచ్చే ప్రభుత్వం ఉండమంటోంది, దానికి సొంత సైన్యం, సొంత ఖజానా ఉన్నాయి. రోజూ శవపేటికలు వచ్చే యుద్ధానికి ఆ ఉదాహరణ అతకదు.

ఇరాక్ విషయంలో తేదీని అమెరికా పెట్టలేదు, ఇరాక్ పెట్టించింది. తేదీలంటేనే పడని జార్జి బుష్ ప్రభుత్వం 2008 నవంబర్ 17న బాగ్దాద్‌లో 2011 డిసెంబర్ 31 అన్న తేదీ మీద సంతకం చేసింది. కొంతమందినైనా ఉంచాలని ఒబామా ప్రభుత్వం చివర్లో బేరమాడింది. తమ సైనికులకు ఇరాక్ కోర్టుల నుంచి మినహాయింపును పార్లమెంటే ఇవ్వాలంది. బాగ్దాద్ కుదరదంది. 2011 డిసెంబర్ 18న ఆఖరి కాన్వాయ్ కువైట్‌లోకి దాటింది. పార్లమెంటు ఆమోదించిన తేదీ కనుక అది నిలిచింది. 2014 జూన్‌లో మోసుల్ ఐసిస్ చేతికి చిక్కాక అదే సైన్యం వేల సంఖ్యలో మళ్లీ వచ్చింది, ఈసారి బాగ్దాద్ పిలుపు మీద.

ఆ రెండో రాకకూ గడువు పెట్టారు. అమెరికా నేతృత్వంలోని కూటమి పని 2025 సెప్టెంబర్‌కి ముగుస్తుందనీ, సిరియా వైపు సాయానికి కొంత ఏర్పాటు 2026 సెప్టెంబర్ దాకా సాగుతుందనీ రెండు ప్రభుత్వాలూ 2024 సెప్టెంబర్‌లో ప్రకటించాయి. ఎంతమంది వెళతారన్న అంకె చుట్టూనే మళ్లీ చర్చంతా నడిచింది. ఇరాక్ వాయుసేన ఎఫ్-16 విమానాలు బలద్ స్థావరంలో ఉంటాయి. వాటి మరమ్మతులు చూసే అమెరికా కంపెనీ సిబ్బంది 2021లో రాకెట్ దాడుల వల్ల ఆ స్థావరం వదిలి వెళ్లాల్సి వచ్చింది. గడువు తర్వాత ఆ విమానాలకు విడిభాగాలు ఎవరు తెస్తారు, ఏ ఒప్పందం కింద తెస్తారు, అమెరికన్ల పక్కన పనిచేసిన ఇరాకీ దుబాసీల వీసా దరఖాస్తులు ఎన్ని నెలల్లో తేలుతాయి అన్నవి బాగ్దాద్ పార్లమెంటు, వాషింగ్టన్ కాంగ్రెస్ గడువు తీరకముందే రాతపూర్వకంగా అడిగి రాబట్టాల్సిన జవాబులు.